పెద్ద సీరియల్లో ఇచ్చింది, చిన్న సీరియల్లో ఇవ్వలేదు

మా అమ్మ సీరియళ్ళని పేర్లతో పిలవదు. రాత్రి ఏడున్నరకి వచ్చేది పెద్ద సీరియల్. అది అయిపోయాక, అందులోని ఆడపడుచు పాత్రని తీసుకుని అదే ఛానల్ వాళ్ళు ఆరున్నరకి ఇంకొకటి మొదలుపెట్టారు. అది చిన్న సీరియల్. రెండింటిలోనూ ఒకే కథ వచ్చింది. ఒకే కుటుంబం, ఒకే జబ్బు, చివరికి ఆసుపత్రి సెట్టు కూడా ఒకటే. పెద్ద సీరియల్లో కిడ్నీ ఇచ్చారు. చిన్న సీరియల్లో ఇవ్వలేదు. ఆ రెండింటికీ మధ్య మా తమ్ముడు చనిపోయాడు.

మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. కొబ్బరితోటలు, జీడితోటలు, వాటి వెనక సముద్రం. కొత్తగా చూసినవాళ్ళు ఎంత పచ్చగా ఉందో అంటారు. మా ఊళ్ళకి సంబంధం కలుపుకోవడానికి వచ్చేవాళ్ళు మాత్రం పొలం సంగతి కన్నా ముందు కిడ్నీల సంగతి అడుగుతారు. మా నాన్న నా పదహారో ఏట ఆ జబ్బుతోనే పోయాడు. అది ఎందుకొస్తుందో మాకు ఎవరూ తేల్చి చెప్పలేదు. నీళ్ళన్నారు, ఎండన్నారు, తోటలకి కొట్టే మందులన్నారు. పరీక్షలకని వచ్చినవాళ్ళు సీసాల్లో మా బావుల నీళ్ళు నింపుకుని పట్టుకెళ్ళారు. మేం మాత్రం ఆ నీళ్ళే తాగి పెరిగాం.

పెళ్ళయ్యాక నేను నరసన్నపేట వచ్చేశాను. ముందుగదిలో మిషను పెట్టుకుని జాకెట్లు కుడతాను. మా ఆయన ఎరువుల కొట్లో గుమాస్తా. ఇద్దరు పిల్లలు. తమ్ముడు నాకంటే ఆరేళ్ళు చిన్న. అమ్మతో పాటు ఊళ్ళోనే ఉండి, ట్రాలీ ఆటో మీద కొబ్బరికాయలు పలాస తోలేవాడు. మా వైపు అక్కని అప్ప అంటారు. రోజూ మధ్యాహ్నం లోడు దింపాక ఫోన్ చేసి, "అప్పా, ఏటి కూరొండేవు?" అని అడిగేవాడు. నేను ఏ కూర చెప్పినా, "అబ్బ, నాకుంచీ," అనేవాడు. వచ్చి తినేది ఏ నెలకో ఒకసారి.

వాడికి ఇరవై తొమ్మిదో ఏట ఒక సంబంధం కుదరబోయింది. పిల్ల తండ్రి మొహమాటపడుతూనే, ఒకసారి రక్తపరీక్ష చేయిస్తే మాకు ధైర్యంగా ఉంటుందని అన్నాడు. తమ్ముడు నవ్వుతూ వెళ్ళి చేయించుకున్నాడు. రిపోర్టు చూసిన కాంపౌండరు కాగితాన్ని మడిచి వాడి చేతికి ఇవ్వకుండా అమ్మ చేతికి ఇచ్చాడట. ఆ సంబంధం అక్కడితో పోయింది. ఏడాది తిరక్కుండా వారానికి మూడు రోజులు డయాలసిస్ మొదలైంది.

చేతికి చిన్న ఆపరేషన్ చేసి నరాలు కలిపారు. మణికట్టు మీద చెయ్యి వేస్తే లోపల తేనెటీగ తిరుగుతున్నట్టు ఉండేది. ఆటో అమ్మేశాడు. రోజుకి ఇన్ని నీళ్ళే తాగాలని ఒక సీసా ఇచ్చి దాని మీద గీత గీశారు. పెరట్లో కొబ్బరిచెట్లు గెలలు గెలలుగా కాసి ఉండేవి. కొబ్బరినీళ్ళు గుక్కెడు తాగినా గుండె ఆగిపోవచ్చని చెప్పారు. వాడు చిన్నప్పుడు ఆ చెట్లెక్కి బొండాలు కొట్టి అక్కడే కూర్చుని తాగి దిగేవాడు. ఇప్పుడు చెట్ల కింద మంచం వేసుకుని, పెదవులు తడుపుకుంటూ పడుకునేవాడు.

ఆ రోజుల్లోనే పెద్ద సీరియల్లో కిడ్నీ కథ వచ్చింది.

పెద్ద సీరియల్ ఒక ఉమ్మడి కుటుంబం కథ. పెద్దకోడలు కథానాయిక. ఎంతమంది ఎన్ని అన్నా నోరెత్తని మనిషి. ఆ ఇంటి చిన్నకొడుకు, అంటే ఆమె మరిది, ఒకరోజు పూజలో హారతి పళ్ళెం పట్టుకుని కుప్పకూలిపోతాడు. డాక్టరు కళ్ళజోడు తీసి, రెండు కిడ్నీలూ పోయాయని చెబుతాడు. తలుపు చాటునుంచి విన్న పెద్దకోడలు ఎవరికీ చెప్పకుండా వెళ్ళి తన కిడ్నీ ఇస్తానని సంతకం పెట్టేస్తుంది. పరీక్షలేవీ చూపించలేదు. థియేటరు తలుపు మీద ఎర్రబల్బు వెలిగింది. అత్తగారు గుడిలో గంట కొట్టింది. బల్బు ఆరిపోయింది. మర్నాటి భాగంలో పెద్దకోడలు మంచం మీద జడ వేసుకుని కూర్చుని ఉంది. ఆ తర్వాతి వారానికి తులసికోటకి నీళ్ళు పోస్తోంది. మరిది పక్కనే నిలబడి, వదినా నువ్వు నాకు అమ్మవి, అంటున్నాడు.

నేను శనివారం పూట ఊరు వెళ్ళి ఆదివారం సాయంత్రం వచ్చేదాన్ని. అలా ఆపరేషన్ భాగం నేనూ, అమ్మా, తమ్ముడూ కలిసే చూశాం. తమ్ముడు గోడకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు.

"అప్పా, సూసేవా? కిడ్నీ తీసీసినా ఆవిడ తల్లో పువ్వులు వాడనేదు," అన్నాడు.

నేను నవ్వాను. వాడూ నవ్వాడు. అమ్మ నవ్వలేదు. ఆమె ఒక్కసారి నా వైపు చూసి, మళ్ళీ టీవీ వైపు తిరిగిపోయింది. ఆ చూపులో అడగడమేమీ లేదు. ఉత్తినే చూసింది. నాకు మాత్రం మెడ దగ్గర చెమట పట్టింది.

ఆ భాగంలో ఎవరూ పట్టించుకోని మాట ఒకటి ఉంది. థియేటరులోకి స్ట్రెచర్ తోసేముందు ఆ ఇంటి ఆడపడుచు, అంటే జబ్బుపడినవాడి సొంత అక్క, వదిన చెయ్యి పట్టుకుని, "నేనైతే ఇవ్వలేకపోయేదాన్ని వదినా. నాకు భయం," అంటుంది. వదిన ఆమె చెంప నిమిరి వెళ్ళిపోతుంది. ఆ తర్వాత ఆ మాట మళ్ళీ ఎక్కడా రాలేదు. కథకి దానితో పని లేదు. ఆ మాట నాకు మాత్రం బస్సులో కూడా వినిపించింది.

నెలరోజుల తర్వాత అమ్మ నరసన్నపేట వచ్చింది. వచ్చేముందు ఫోన్ కూడా చెయ్యలేదు. నేను జాకెట్టుకి చేతులు అతుకుతున్నాను. వచ్చి మిషను పక్కన నేల మీద కూర్చుంది.

"నా కిడ్నీ పనికిరాదన్నారే. బీపీ ఉన్నాదట, నాకూ క్రియాటిన్ అంచుల్లోనే ఉన్నాదట," అంది.

నేను మిషను ఆపాను.

"నీ రగతం, ఆడి రగతం ఒకటే కదేటి. ఒకసారి సూపించుకుందామా?"

"అలాగే అమ్మా," అన్నాను. ఇంకేమంటాను?

సాయంత్రం మా ఆయనకి చెప్పాను. ఆయన కాళ్ళు కడుక్కుని వచ్చి కూర్చున్నాడు. "నీ తమ్ముడు. నీ ఒళ్ళు. మధ్యన నానేటి సెప్తాను?" అన్నాడు. వద్దని ఉంటే ఆయన మీద నెట్టేద్దును. ఇమ్మని ఉన్నా ఆయన మీదే నెట్టేద్దును. ఆయన రెండూ అనలేదు.

విశాఖపట్నంలో ఒక పెద్దాసుపత్రిలో రెండు రోజులు పరీక్షలు జరిగాయి. రక్తం, మూత్రం, స్కానింగు. తమ్ముడు కారిడార్లో బెంచీ మీద పడుకుని, నేను ఏ గదిలోంచి వచ్చినా కళ్ళు తెరిచి చూసేవాడు. రెండో రోజు మధ్యాహ్నం ఒక డాక్టరమ్మ నన్నొక్కదాన్నే లోపలికి పిలిచి తలుపు వేసింది. నా వయసుదే. ముందర నా కాగితాలు పరిచి ఉన్నాయి.

"ఇప్పటిదాకా వచ్చినవన్నీ బాగున్నాయి. మీరు ఉద్దానం మనిషి, నాన్నగారికీ ఉండేది కాబట్టి ఇంకొన్ని పరీక్షలు చెయ్యాలి. అవి కూడా బాగుంటే ఇవ్వచ్చు," అంది. తర్వాత పెన్ను కింద పెట్టింది. "అంతకన్నా ముందు ఒకటి అడగాలి. మీకు ఇష్టమేనా?"

నేను ఆ కాగితాల వైపు చూశాను.

"మీరు చెప్పేది ఈ గది దాటి పోదు. వద్దనుకుంటే సరిపోలేదని మేమే చెబుతాం. కారణం ఎవరికీ చెప్పం. అందరినీ ఇలాగే అడుగుతాం."

ఆ క్షణంలో నాకు తమ్ముడు గుర్తు రాలేదు. ఎన్నిసార్లు తలుచుకున్నా ఇదే నిజం. మా నాన్న ఆఖరి రోజుల్లో అరుగు మీద కూర్చుని, వాచిన కాళ్ళని వేలితో నొక్కి, ఆ గుంట ఎంతసేపటికి పూడుతుందో చూసుకునేవాడు. అది గుర్తొచ్చింది. నా పిల్లలు గుర్తొచ్చారు. ఒకటి ఇచ్చేశాక రెండోదానికి ఆ జబ్బే వస్తే అనిపించింది. ఆ నీళ్ళే కదా నేనూ తాగాను.

"నాకు భయమండీ," అన్నాను.

ఆమె తల ఊపి, కాగితం మీద ఏదో రాసింది. నన్ను తిట్టినా బాగుండేది. మంచినీళ్ళు ఇచ్చి, తాగేదాకా ఆగి, అప్పుడు తలుపు తీసి అమ్మని పిలిచింది. "ఈవిడది సరిపోదమ్మా," అని చెప్పింది.

"రగతం ఒకటే కదమ్మా," అంది అమ్మ.

"రక్తం ఒక్కటే కాదమ్మా మేం చూసేది."

తమ్ముడు బెంచీ మీద లేచి కూర్చున్నాడు. "పోనీలే అప్పా. పదండి, ఆకలేస్తన్నాది," అన్నాడు.

తిరుగు బస్సులో ఏడుపు ఆగలేదు. కిటికీ వైపు తిరిగి ఏడుస్తూనే ఉన్నాను. తమ్ముడికి ఇవ్వలేకపోయానని ఏడుస్తున్నాను అనుకుంది అమ్మ. శ్రీకాకుళం దాటేదాకా నా వీపు రాస్తూనే కూర్చుంది. "నీ తప్పేటున్నాదే? దేవుడు కలపనేదు," అంటూనే ఉంది. నరసన్నపేటలో నేను దిగిపోయాను. వాళ్ళిద్దరూ అదే బస్సులో ఊరికి వెళ్ళిపోయారు. నేను ఇంటికి వచ్చి మా ఆయనకి కూడా సరిపోలేదనే చెప్పాను.

ఆ తర్వాత పదహారు నెలలు బతికాడు వాడు. ఇంకెవరో చనిపోయినవాళ్ళ కిడ్నీ కోసం పేరు రాయించాం. పిలుపు రాలేదు. నేను శనివారాలు వెళ్ళడం మానలేదు కానీ, వెళ్ళిన దగ్గరనుంచీ పని కల్పించుకునేదాన్ని. గిన్నెలు తోమేదాన్ని, పెరడు ఊడ్చేదాన్ని. "కూసో అప్పా, వచ్చిన కాణ్ణించీ తిరుగుతునే ఉన్నావు," అనేవాడు. కూర్చుంటే వాడి ముఖం చూడాలి. ఒక పొద్దున్న ఊపిరి ఆడడం లేదన్నాడట. అమ్మ ఆటోలో తీసుకెళ్తుంటే, డయాలసిస్ సెంటరు ఇంకా రెండు కిలోమీటర్లు ఉందనగా ఆమె భుజం మీదే తల వాల్చేశాడు. ఫోన్ వచ్చేసరికి నేను ఎవరిదో పెళ్ళిజాకెట్టుకి గుడ్డ కత్తిరిస్తున్నాను. కత్తెర ఆపి విన్నాను. విన్నాక ఆ గీత చివరిదాకా కత్తిరించేశాను. ఎందుకలా చేశానో నాకు తెలియదు.

దినాలయ్యాక అమ్మని నా దగ్గరికి తెచ్చుకున్నాను. రానని అనలేదు, వస్తానని అనలేదు. బట్టల సంచీ నేనే సర్దాను. కొన్నాళ్ళకి తనే చేతికుట్టు అడిగి తీసుకుంది. నేను కుట్టిన జాకెట్లకి హుక్కులు వేసేది, అంచులు మడిచి హెమ్మింగు చేసేది. ముందుగదిలోనే టీవీ. చిన్న సీరియల్ అప్పటికే మొదలైంది.

దాన్ని మొదట్లో మేం సరిగా చూడలేదు. ఆ ఆడపడుచుకి పెళ్ళయి ఇంకో ఊళ్ళో కాపురం పెట్టింది, అక్కడి గొడవలేవో నడుస్తున్నాయి. జాకెట్లు కుట్టించుకోవడానికి వచ్చేవాళ్ళకీ అది నచ్చేది కాదు. పెద్ద సీరియల్ రోజుల్లో పెద్దకోడలు వేసుకున్న జాకెట్టు ఫోన్లో చూపించి అలాంటి చేతులే కుట్టమనేవారు. ఈ పిల్ల జాకెట్టు కావాలని ఎవరూ అడగలేదు. ఆమె మామూలు నేతచీరలు కట్టేది.

అప్పుడు వచ్చింది ఆ కథ. పెద్ద సీరియల్లో వదిన ఇచ్చిన కిడ్నీ చిన్నకొడుక్కి కొన్నేళ్ళే పనిచేసింది. మళ్ళీ పాడైంది. ఈసారి ఇవ్వడానికి మిగిలింది సొంత అక్క ఒక్కతే. పెద్ద సీరియల్ వాళ్ళు శుభమని వదిలేసిన చోటే వీళ్ళు మొదలుపెట్టారు.

రాసినవాళ్ళు వేరేవాళ్ళై ఉంటారు. ఎర్రబల్బు లేదు, గుడిగంట లేదు. పెద్ద సీరియల్లో రెండు భాగాల్లో అయిపోయిన పని ఇక్కడ ఆరు వారాలు పట్టింది. ఆ పిల్ల రక్తపరీక్షకి చెయ్యి చాపడం చూపించారు. సూది గుచ్చుతున్నప్పుడు ఆమె గోడ మీది క్యాలెండరు చూస్తూ ఉంటుంది. ఇంటికొచ్చి అన్నం కలుపుకుని తినలేక కూర్చుంటుంది. పెద్ద సీరియల్లో కెమెరా ఇచ్చిన మనిషి ముఖం చుట్టూ తిరిగేది, ఆమె వెనక దీపం ఉండేది. చిన్న సీరియల్లో కెమెరా ఇవ్వలేని మనిషి దగ్గరే ఉండిపోయింది. అక్కణ్ణించి కదిలేది కాదు. చివరికి ఒకరోజు డాక్టరు ఆమెని ఒక్కదాన్నే గదిలోకి పిలిచి, తలుపు వేసి, ఇష్టమేనా అని అడిగాడు.

నా కాలు మిషను తొక్కడం ఆపేసింది. రాసినవాళ్ళకి ఎవరు చెప్పి ఉంటారు? అందరినీ ఇలాగే అడుగుతాం అన్న మాట నాకప్పుడు గుర్తులేదు. నా మీదే తీశారనుకున్నాను. లేచి ఛానల్ మార్చబోయాను.

"ఉంచే," అంది అమ్మ. "సూడనీ."

ఆ పిల్ల వద్దంది. సరిపోలేదని డాక్టరు బయటికి వచ్చి చెప్పాడు. మూడు వారాల తర్వాత ఆ పిల్ల తమ్ముడు చనిపోయాడు. సీరియళ్ళలో చనిపోయినవాళ్ళు తిరిగొస్తారు కదా, వీడూ వస్తాడేమోనని నేను రోజూ చూశాను. రాలేదు. ఆసుపత్రిలో ఒక నర్సు నోరు జారడంతో నిజం బయటపడింది. అప్పుడు పెద్ద సీరియల్లోని పెద్దకోడలిని రెండు రోజుల కోసం ఇందులోకి తెచ్చారు. అదే బొట్టు, అదే పట్టుచీర. ఆమె వచ్చి, "పరాయింటి నుంచి వచ్చిన నేనే ఇచ్చాను. తోడబుట్టినదానివి నీకెందుకు చేతులు రాలేదు?" అని నిలదీసింది. పెద్ద సీరియల్ పాట కూడా వేశారు. ఆ పిల్ల తల వంచుకుని నిలబడింది.

ఆ సాయంత్రం మా గదిలో జాకెట్టు కోసం వచ్చిన ఒకావిడ కూర్చుని ఉంది. మా వీధి చివరి ఇల్లే. ఆవిడ టీవీ వైపు చెయ్యి విసిరింది.

"అదేటి ఆడదమ్మా? తోడబుట్టినోడు సచ్చిపోతంటే సూస్తా కూసుంటాదా? ఇలాటోళ్ళని ఇంటి గుమ్మం ఎక్కనివ్వకూడదు."

అమ్మ హుక్కు కుడుతోంది. తల ఎత్తలేదు.

"నువ్విచ్చెస్తావేటమ్మా?" అంది.

"నానైతే ఇచ్చీద్దును."

"అందరం అంటాం. సోఫాలో కూకుని ఎవులైనా ఇచ్చీగలరు. బతికున్న మనిషిని కోసి తీసీస్తామంటే భయమెయ్యదా? ఆ ఆడగుంటకి భయమేసింది. భయమేస్తే ఏటి సేస్తాది? సంపీసిందా ఏటి?"

ఆవిడ మొహం ముడుచుకుని, జాకెట్టు తీసుకుని వెళ్ళిపోయింది. అమ్మ ఇంకో హుక్కు చేతిలోకి తీసుకుంది. మూడేళ్ళుగా ఎవరినుంచి వినాలనుకున్నానో ఆమె నోటినుంచే ఆ మాట వచ్చింది. టీవీలో ఎవరో పిల్లనే అంతగా అర్థం చేసుకున్న మనిషి నన్ను అర్థం చేసుకోదా అనుకున్నాను. నేను మిషను ముందునుంచి లేచి వచ్చి ఆమె ఎదురుగా నేల మీద కూర్చున్నాను.

"అమ్మా, నాది సరిపోయింది," అన్నాను.

"ఏటి?"

"నా కిడ్నీ. అప్పటిదాకా చేసిన పరీక్షలన్నీ బాగున్నాయంది డాక్టరమ్మ. నాకు భయమని చెప్పేను. అందుకే సరిపోలేదని చెప్పింది."

అమ్మ చేతిలో సూది ఆగింది. నా ముఖంలోకి చూసింది. నేను చెప్పింది అర్థం కావడానికి టైము పట్టింది ఆమెకి.

"సరిపోనేదన్నారు కదే," అంది మళ్ళీ.

"నేనే అలా సెప్పమన్నట్టే అమ్మా."

ఆమె తల వంచి ఆ హుక్కు పూర్తిగా కుట్టింది. దారం కొరికింది. జాకెట్టు మడిచి పక్కన పెట్టింది. "టీవీ కట్టీ," అంది. కట్టేశాను. ఇంకేమైనా అంటుందని కూర్చున్నాను. ఆమె లేచి లోపలికి వెళ్ళి గోడవైపు తిరిగి పడుకుంది. అన్నానికి పిలిస్తే లేవలేదు.

పొద్దున్న నేను లేచేసరికి బట్టల సంచీ గుమ్మం దగ్గర ఉంది. మా ఆయన ఏమైందని అడిగాడు. ఆయనకీ అప్పుడే చెప్పాను. ఆయన అమ్మ సంచీ అందుకోబోయాడు. "వద్దు బాబూ, నాను మోసుకుంతాను," అందామె. నేను వెనకాలే వీధిలోకి వెళ్ళాను.

"అమ్మా, నిన్న నువ్వే కదా అన్నావు, భయమేస్తే ఏం చేస్తుందని," అన్నాను.

ఆమె ఆగింది. "ఆ టీవీలో గుంట ఎవులో నాకేటి తెలుసు? సచ్చిపోయినోడు ఎవులో నాకేటి తెలుసు?" అంది. "ఆడు నా కొడుకే."

బస్సుస్టాండు దాకా వెనకాలే నడిచాను. బస్సెక్కాక కిటికీలోంచి నా వైపు చూడలేదు.

ఎనిమిది నెలలు నాతో సరిగా మాట్లాడలేదు. ఫోన్ చేస్తే ఎత్తేది కాదు. శనివారాలు వెళ్ళేదాన్ని. తలుపు తీసేది, అన్నం పెట్టేది, ఊళ్ళో ఎవరితోనో మాట్లాడినట్టు నాలుగు మాటలు మాట్లాడేది. మా పెద్దవాడు బాగా చదువుతున్నాడా అనేది. ఆ ఇంట్లో టీవీ మీద గుడ్డ కప్పి ఉండేది.

చిన్న సీరియల్ ఏమైందో ఆమె చూడలేదు. చూసేవాళ్ళు తగ్గిపోయారో ఏమో, దాన్ని మధ్యాహ్నం రెండింటికి మార్చేశారు. నేను పని చేసుకుంటూ ఒక్కదాన్నే చూశాను. ఆ పిల్లని ఇంట్లోవాళ్ళు క్షమించే సీను ఒకటి ఉంటుందని ఎదురుచూశాను. పెద్ద సీరియల్ అయితే కచ్చితంగా పెట్టేవారు. అందరూ వరసగా నిలబడేవారు, పూలు పడేవి. ఇక్కడ ఆమె ఒక ఊళ్ళో చిన్న ఉద్యోగంలో చేరింది. కూరగాయలు కొనుక్కుంటుంది, గది తాళం తీసుకుంటుంది. ఒకరోజు అలాగే తాళం తీస్తుండగా అయిపోయింది. మర్నాడు ఆ టైములో వంటల కార్యక్రమం వచ్చింది. కథ అక్కడ ముగించారో, డబ్బులు చాలక ఆపేశారో తెలియదు. పెద్ద సీరియల్ అబద్ధమని నాకు మొదటినుంచీ తెలుసు. చిన్న సీరియల్ నిజం కదా అని నమ్మి నేను అమ్మకి చెప్పేశాను. అందులో కూడా, చెప్పిన తర్వాత ఏం చెయ్యాలో లేదు.

కిందటి వర్షాల్లో అమ్మ తనంతట తానే ఫోన్ చేసింది. "కాళ్ళు వాస్తన్నాయే," అంది. అంతే. నేను ఆ పూటే బయల్దేరి వెళ్ళాను. మంచం మీద కూర్చుని పాదం ముందుకి చాపింది. వేలితో నొక్కి చూశాను. రక్తపరీక్ష చేయించాం. రెండు నెలలు మందులతో నెట్టుకొచ్చారు. తర్వాత డయాలసిస్ తప్పదన్నారు.

మొదటిరోజు తమ్ముడు వెళ్ళిన సెంటరుకే తీసుకెళ్ళాను. లోపల మంచాలు ఖాళీ అయ్యేదాకా బయట బెంచీ మీద కూర్చోమన్నారు. మాలాగే ఇంకా కొంతమంది కూర్చుని ఉన్నారు. అందరి చేతుల్లోనూ ఒక దుప్పటి. ఎవరూ ఎవరినీ ఏ ఊరని అడగడం లేదు.

"అమ్మా, నేనిస్తాను. ఈసారి భయపడను," అన్నాను. చాలా రోజులుగా అనుకుంటున్న మాట.

అమ్మ నా వైపు తిరిగింది. "నిన్నెవులడిగేరు?"

"అడక్కపోయినా ఇస్తాను."

"నా వయసుకి కిడ్నీ ఎయ్యరంట, డాక్టరుబాబు సెప్పీసేడు. ఏసినా నాకొద్దు." ఎదురుగా తలుపు వైపు చూస్తూ నెమ్మదిగా అంది. "ఆడూ అడగనేదు."

నాకు అర్థం కాలేదు.

"నీ తమ్ముడు. నిన్ను అడగొద్దన్నాడు. అప్పకి సిన్నపిల్లలు, అదీ ఈ ఊరి నీల్లే తాగింది, దాన్ని కదపకే అన్నాడు. ఆడికి సెప్పకుండానే నాను మీ ఇంటికొచ్చేను. ఆసుపత్రికి రానని మొండికేస్తే ఏడిసి, కాల్లు పట్టుకుని తీసుకొచ్చేను."

"నాకెప్పుడూ సెప్పలేదేటమ్మా?"

"ఏటని సెప్పను? నువ్వు ఇచ్చీసుంటే సెప్పనక్కర్లేకపోను."

నర్సు తలుపు తీసి అమ్మ పేరు పిలిచింది. అమ్మ దుప్పటి అందుకుని లేచింది. నేను చెయ్యి పట్టుకోబోతే వద్దనలేదు, గట్టిగా పట్టుకోనూలేదు. గుమ్మం దాకా తీసుకెళ్ళాను. లోపలికి బంధువులు రాకూడదన్నారు. నేను వెనక్కి వచ్చి కూర్చున్నాను. ఆమె ఆ మాట నా మనసు తేలిక చెయ్యడానికి చెప్పిందో, నాకు తెలియాల్సింది ఇంకా మిగిలి ఉందని చెప్పిందో ఆ నాలుగు గంటలూ ఆలోచించాను. తేలలేదు. వాడు వద్దన్నాడని తెలిశాక తేలికపడాలి. వద్దన్నవాడికి ఇవ్వాలని ఇప్పుడు ఇంకా ఎక్కువగా అనిపిస్తోంది.

నన్ను కూడా ఏడాదికోసారి పరీక్ష చేయించుకోమన్నారు. చేయించుకుంటున్నాను. రెండూ బాగానే ఉన్నాయి.

ఇప్పుడు అమ్మ మళ్ళీ నా దగ్గరే ఉంటోంది. వారానికి మూడు రోజులు పొద్దున్న ఆరుగంటల బస్సుకి ఇద్దరం బయల్దేరతాం. కుట్టాల్సిన జాకెట్లకి చేతికుట్టు పని నేను సంచీలో వేసుకుని వెళ్తాను, ఆమె లోపల ఉన్నంతసేపూ బెంచీ మీద కూర్చుని చేస్తాను. తిరిగి వచ్చేటప్పుడు ఆమెకి తల తిరుగుతుంది. నా భుజం మీద ఆనుకుంటుంది కానీ నిద్రపోదు. ఆ సంగతి మేం మళ్ళీ మాట్లాడుకోలేదు. నిన్న బస్సులో, "ఏటి కూరొండుతావు ఇంటికెళ్ళి?" అని అడిగింది. బీరకాయ అని చెప్పాను. సరే అంది.